గొడుగు ఎవరి చేతిలో ఉంది? ఇంగ్లీష్ క్లాసులో యాక్టివిటీ అంటే అసలేంటి

ఏడో తరగతి, నలభై రెండు మంది, మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదటి పీరియడ్. బెంచీకి ఇద్దరు చొప్పున కూర్చోబెట్టి చెరో కాగితం ఇచ్చాను. రెండిట్లోనూ బస్టాండ్ బొమ్మే, కానీ ఎనిమిది చోట్ల తేడాలున్నాయి, ఒకదాంట్లో గడియారం మూడు చూపిస్తుంది ఇంకోదాంట్లో నాలుగు, ఒకదాంట్లో బెంచీ కింద కుక్క పడుకుని ఉంది ఇంకోదాంట్లో అదే కుక్క నిలబడి ఉంది, అలా. షరతు ఒక్కటే, ఎవరి బొమ్మ వాళ్ళే చూసుకోవాలి, పక్కవాళ్ళకి చూపించకూడదు, తేడాలేంటో అడిగి తెలుసుకోవాలి, ఆ అడగడం ఇంగ్లీష్‌లోనే ఉండాలి. రెండు నిమిషాలు ఎవరూ నోరు విప్పలేదు. తర్వాత మూడో బెంచీలో ఒక పిల్ల, ఆ ఏడాదంతా నా క్లాసులో సొంతంగా ఒక్క ఇంగ్లీష్ ముక్క మాట్లాడని పిల్ల, కాగితం గుండెలకి ఆనించుకుని పక్కపిల్లని అడిగింది, "యువర్ పిక్చర్... ఉమన్ హ్యాండ్... అంబ్రెల్లా ఈజ్ దేర్?"

"నో అంబ్రెల్లా. బ్యాగ్ ఈజ్ దేర్."

"టీచర్, ఒకటి దొరికింది!"

ఆ వాక్యంలో తప్పులు వెతికితే మూడు నాలుగు దొరుకుతాయి. కానీ నేను ఇన్నేళ్ళ సర్వీసులో అర్థం చేసుకున్న అసలు విషయం ఆ వాక్యంలోనే ఉంది. ఆ పిల్ల పుట్టాక ఇంగ్లీష్‌లో అడిగిన ప్రశ్నల్లో, జవాబు తనకి నిజంగా తెలియని మొదటి ప్రశ్న బహుశా అదే. గొడుగు ఉందో లేదో తనకి తెలియదు, తెలుసుకోవాలని ఉంది, తెలుసుకోడానికి ఇంగ్లీష్ తప్ప వేరే దారి లేదు. ఈ మూడూ కలిసిన చోట భాష బయటికొస్తుంది.

మనం క్లాసులో మామూలుగా చేసేదాన్ని దీంతో పోల్చి చూడండి. పెన్ను ఎత్తి పట్టుకుని "వాట్ ఈజ్ దిస్?" అంటాం, "దిస్ ఈజ్ ఎ పెన్" అని నలభై గొంతులు అరుస్తాయి. అది పెన్ను అని నాకు తెలుసు, వాళ్ళకి తెలుసు, వాళ్ళకి తెలుసని నాకూ తెలుసు. తెలుగులో ఎవరైనా మనల్ని అలా అడిగితే జవాబు చెప్పం, ఏమైంది వీళ్ళకి అన్నట్టు చూస్తాం. క్లాసులో మాత్రం దాన్నే సంభాషణ అనుకుంటాం. ఉచ్చారణకో, ఒక వాక్యం నాలుక మీద తిరగడానికో అలాంటిది కాసేపు అవసరమే, నేను కాదనను, కానీ ఏడాదంతా అదే జరిగితే పిల్లకి ఇంగ్లీష్ అంటే తెలిసిన జవాబు గట్టిగా చెప్పడం అని ముద్ర పడిపోతుంది.

ఇంగ్లీష్ టీచర్లకి ట్రైనింగుల్లో యాక్టివిటీ అనే మాట చెవులు పోయేలా వినిపిస్తుంది. లెసన్ ప్లాన్‌లో యాక్టివిటీ గడి ఉంటుంది, పర్యవేక్షణకి వచ్చినవాళ్ళు యాక్టివిటీ చేయించారా అని అడుగుతారు, మనం చార్టులు కత్తిరించి రంగులేసి టీఎల్‌ఎం, అంటే బోధన సామగ్రి, తయారు చేస్తాం. ఇంత చేసినా కొన్ని యాక్టివిటీలు పిల్లల నోటినుంచి ఇంగ్లీష్ తెప్పిస్తాయి, కొన్ని క్లాసులో సందడి మాత్రమే తెప్పిస్తాయి. తేడా ఎక్కడుంది? ఆట సరదాగా ఉందా లేదా అన్న దగ్గర లేదు. ఒకరి దగ్గర ఉన్నది ఇంకొకరి దగ్గర లేకపోవడం అనే ఖాళీ ఉందా లేదా అన్న దగ్గర ఉంది.

ఈ ఖాళీ గురించి ప్రపంచంలో ఇంగ్లీష్ నేర్పేవాళ్ళు చాలామంది ఇవాళ మాట్లాడుకుంటున్నారంటే దాంట్లో మన దక్షిణాది బడుల పాత్ర కూడా ఉంది, ఇది మన టీచర్లలోనే చాలామందికి తెలియదు. ఎన్.ఎస్. ప్రభు అని, మద్రాసు బ్రిటిష్ కౌన్సిల్‌లో పనిచేసేవారు, బెంగళూరులోని రీజనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌తో కలిసి 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు, కడలూరు లాంటి చోట్ల మామూలు బడుల్లో ఒక ప్రయోగం చేశారు, బెంగళూరు ప్రాజెక్టు అంటారు దాన్ని. అప్పటికి మన దగ్గర స్ట్రక్చరల్ సిలబస్ నడుస్తోంది, అంటే ఈ వారం ప్రెజెంట్ కంటిన్యువస్, పై వారం సింపుల్ పాస్ట్, వాక్య నమూనాలు వరసగా రుద్దడం. పిల్లలు నమూనాలు ఒప్పజెప్తున్నారు గానీ అవసరం వచ్చినప్పుడు ఒక్క వాక్యం కట్టలేకపోతున్నారు. ప్రభుగారు ఏం చేశారంటే వ్యాకరణం వరసని తీసేసి ఆ స్థానంలో పనులు పెట్టారు. పిల్లాడి బుర్ర ఒక పనిని తేల్చడంలో మునిగిపోయినప్పుడు భాష వెనకనుంచి తనంతట తాను అల్లుకుంటుందని ఆయన నమ్మకం. ఆ పనుల్ని ఆయన మూడు రకాలుగా చూశారు, సమాచారం ఖాళీ, ఆలోచన ఖాళీ, అభిప్రాయం ఖాళీ.

మొదటిది పైన చెప్పిన గొడుగు బొమ్మ. నా దగ్గరున్న సంగతి నీ దగ్గర లేదు, అడిగి తీసుకోవాలి. మూడోది, నీకేం అనిపిస్తోంది అన్నది, కథ చివర ఏం జరిగితే బాగుంటుంది, ఊళ్ళో చెరువు గట్టు మీద ఏం కట్టాలి, ఇలాంటివి. ఇది వినడానికి బాగుంటుంది గానీ కింది తరగతుల్లో తేలిపోతుంది, ఎందుకంటే పిల్లాడు "గుడ్" అని కూర్చున్నా అభిప్రాయమే కదా, తప్పని అనలేం. ప్రభుగారికి అన్నిట్లోకీ ఎక్కువ ఫలించినట్టు కనిపించింది రెండోది, ఆలోచన ఖాళీ. నా అనుభవంలోనూ అంతే, అందుకే దాని దగ్గర కాస్త ఆగుతాను.

బోర్డు మీద ఒక బస్సుల పట్టిక రాస్తాను. మా ఊరినుంచి ఒంగోలుకి పల్లెవెలుగు ఉదయం 8:10కి, రెండు గంటలు పడుతుంది, టికెట్ 60 రూపాయలు. ఎక్స్‌ప్రెస్ 9:00కి, గంటంపావు పడుతుంది, టికెట్ 90. బస్టాండు నుంచి కళ్యాణ మండపానికి నడక ఇరవై నిమిషాలు. ముహూర్తం 10:40కి. ఇంట్లో నలుగురు వెళ్ళాలి, చేతిలో 300 రూపాయలున్నాయి. విచ్ బస్? వై? (అంకెలు నేను కల్పించినవే, లెక్క కుదరడం కోసం.) ముందు అందరూ ఎక్స్‌ప్రెస్ అంటారు, ఎందుకంటే అది ఫాస్ట్. ఎవడో ఒకడు వేళ్ళ మీద లెక్కేసి లేచి "నో టీచర్, మనీ నాట్ ఇనఫ్" అంటాడు. ఇంకొకడు "పల్లెవెలుగు లేట్ టీచర్, మ్యారేజ్ ఓవర్" అంటాడు. దానికి వెనక బెంచీ నుంచి "నో లేట్, టెన్ థర్టీ, టెన్ మినిట్స్ బిఫోర్" అని జవాబు. అంతా విరిగిన ఇంగ్లీషే. కానీ గమనించండి, "బట్", "సో", "బికాజ్", "బిఫోర్", "ఇనఫ్", ఈ మాటలు నేను నేర్పలేదు, పాఠం వెనక గ్లాసరీలోంచి బట్టీ పట్టించలేదు, ఎక్కడో విని వదిలేసిన మాటలు అవసరం పడేసరికి పైకొచ్చాయి. పెళ్ళికి టైముకి చేరడం అనే గొడవలో పడి ఇంగ్లీష్ మాట్లాడుతున్నామన్న భయం వాళ్ళు మర్చిపోయారు. లెక్క తేలింది కాబట్టి జవాబు ఒకటే, ఒప్పో తప్పో తెలుస్తుంది, అభిప్రాయంలా జారిపోదు, బొమ్మలో గొడుగులా ఒక్క మాటతో అయిపోదు. దానికి కారణం చెప్పాలి, కారణం చెప్పాలంటే రెండు వాక్యాలు కలపాలి.

ఇక్కడ ఇంకో సంగతి, ఇది చాలామంది ట్రైనింగుల్లో చెప్పేదానికి అడ్డంగా ఉంటుంది. యాక్టివిటీ అంటే గ్రూపులు చేయడం అని మనకి అలవాటు చేశారు. ప్రభుగారి క్లాసుల్లో గ్రూపులు లేవు. టీచర్ ముందు ఒక పనిని క్లాసు మొత్తంతో బోర్డు దగ్గర మాట్లాడుతూ చేయిస్తారు, దాన్ని ప్రీ-టాస్క్ అనేవారు, తర్వాత అలాంటిదే ఇంకో పని పిల్లలు ఎవరికి వారు చేసుకోవాలి, కావాలంటే పక్కవాళ్ళని అడగొచ్చు. పిల్లలు ఒకళ్ళ తప్పుల ఇంగ్లీష్ ఒకళ్ళు వింటూ కూర్చోవడం కంటే టీచర్ నోట మంచి ఇంగ్లీష్ వినడం మేలని ఆయన ఆలోచన. దీనితో ఒప్పుకోనివాళ్ళు చాలామంది ఉన్నారు, నేనూ జంటల్లో చేయిస్తాను. కానీ యాభై మంది, కదలని బెంచీలు ఉన్న గదిలో గ్రూపులు కుదరడం లేదు కాబట్టి యాక్టివిటీలు మనవల్ల కావు అని ఎవరైనా బెంగపడుతుంటే వాళ్ళకి ఈ ముక్క చెప్పాలని ఉంటుంది నాకు, బోర్డు, చాక్‌పీసు, ఒక ఆలోచించే లెక్క ఉంటే సరిపోతుంది. పని మరీ తేలిక, మరీ కష్టం కాకుండా చూసుకోడానికి కూడా ఆ ప్రాజెక్టులో ఒక కొలత ఉండేది, క్లాసులో కనీసం సగం మంది, పనిలో కనీసం సగం ఒప్పు చేస్తే ఆ పని సరైన ఎత్తులో ఉన్నట్టు. నేను ఇప్పటికీ ఆ కొలతే వాడతాను.

సరే, ఖాళీ ఉంటే పిల్లలు మాట్లాడతారు. అలా తప్పులతోనే మాట్లాడుతూ పోతే తప్పులే స్థిరపడవా? ఈ ప్రశ్న ప్రతి మీటింగులో ఎవరో ఒకరు అడుగుతారు, న్యాయమైన ప్రశ్న. దీని మీద పెద్ద వాదనే నడిచింది. అర్థమయ్యే భాష కావలసినంత వినిపిస్తే, చదివిస్తే చాలు, మాట దానంతట అదే వస్తుందని అమెరికాలో స్టీఫెన్ క్రాషెన్ అనే భాషావేత్త గట్టిగా చెప్పారు. చంటిపిల్లలు మనకి కనిపిస్తూనే ఉంటారు, "తాతయ్య ఏడి?" అంటే తల తిప్పి చూపిస్తారు, మాట రావడానికి చాలా ముందే అర్థం చేసుకుంటారు. కానీ కెనడాలో ఇంగ్లీష్ మాట్లాడే పిల్లల్ని ప్రత్యేక తరగతుల్లో వేసి సబ్జెక్టులు ఫ్రెంచ్‌లో చెప్పిస్తే, ఏళ్ళ తరబడి విన్నాక అర్థం చేసుకోవడంలో ఫ్రెంచ్ పిల్లలకి దగ్గరగా వచ్చారు గానీ మాట్లాడేటప్పుడు, రాసేటప్పుడు తప్పులు పోలేదు. అది చూసి అక్కడి పరిశోధకురాలు మెరిల్ స్వైన్ 1985 నుంచి చెప్తూ వచ్చింది ఏంటంటే, నోటితో చెప్పాల్సి వచ్చినప్పుడే తనకి ఏం రాదో పిల్లాడికి తెలుస్తుంది, వినేటప్పుడు ఆ లోటు బయటపడదు అని. మన దగ్గర పదేళ్ళు ఇంగ్లీష్ మీడియంలో కూర్చుని పాఠాలన్నీ అర్థమయ్యే పిల్లలు ఇంటర్వ్యూలో గొంతు తడారిపోయి కూర్చోవడం చూసినవాళ్ళకి ఈ మాట వెంటనే తగులుతుంది.

నా మటుకు నేను దీన్ని తరగతిని బట్టి విడదీసుకున్నాను. ఒకటి రెండు తరగతుల్లో వినడమే ముఖ్యం. జేమ్స్ ఆషర్ అని ఒక అమెరికన్ మనస్తత్వవేత్త 1960లలో ఒక పద్ధతి తెచ్చారు, టోటల్ ఫిజికల్ రెస్పాన్స్, టీచర్ చెప్తుంది పిల్లలు చేస్తారు, "టచ్ ది డోర్", "పుట్ యువర్ బ్యాగ్ ఆన్ ది బెంచ్", "గివ్ ది చాక్ టు యువర్ ఫ్రెండ్", పిల్లలు నోరు తెరవక్కర్లేదు, చేసి చూపిస్తే అర్థమైందని తెలుస్తుంది. ఇక్కడ కూడా ఒక చిన్న జాగ్రత్త, రోజూ అదే "స్టాండ్ అప్, సిట్ డౌన్" చేయిస్తే వాళ్ళు వినడం మానేసి వరసని గుర్తుపెట్టుకుంటారు. అనుకోని మాట ఒకటి కలపాలి, "పుట్ యువర్ స్లేట్ ఆన్ యువర్ హెడ్" లాంటిది, అప్పుడు చెవి పెట్టి వింటారు. పై తరగతులకి వచ్చేసరికి మాట్లాడించాలి, ఆ మాటలోని తప్పు వాళ్ళకే కనపడేలా పనిని మలచాలి.

మలచడం అంటే ఏంటో చెప్తాను. ఎనిమిదో తరగతిలో ఒక పిల్లాడికి బొమ్మ ఇచ్చి, వాడు ఇంగ్లీష్‌లో చెప్తుంటే నేను బోర్డు మీద గీస్తున్నాను. "దేర్ ఈజ్ ఎ హౌస్" అన్నాడు, ఇల్లు గీశాను. "ఎ డాగ్ ఈజ్ నియర్ ది హౌస్", కుక్క గీశాను. "ఎ డాగ్ ఈజ్ స్లీపింగ్" అన్నాడు. నేను ఇంకో కుక్కని గీశాను, పడుకున్నదాన్ని. క్లాసంతా గోల, "ఒక్క కుక్కే టీచర్!" అని ఆ పిల్లాడు లేచి నిలబడ్డాడు. "నువ్వు ఎ డాగ్ అన్నావు, గీశాను. మళ్ళీ ఎ డాగ్ అన్నావు, ఇంకోటి గీశాను" అన్నాను. కాసేపు బోర్డు వైపే చూసి, మెల్లగా, "ది డాగ్... ది డాగ్ ఈజ్ స్లీపింగ్" అన్నాడు. ఎ, ఆన్, ది అనే పాఠం నేను ఎన్నిసార్లు చెప్పి ఉంటాను, అచ్చు ముందు ఆన్, సూర్యుడి ముందు ది, బిట్ పేపర్లో ఖాళీలు పూరించండి. తెలుగులో ఆర్టికల్ అనే వస్తువే లేదు, "కుక్క పడుకుంది" అంటే ఏ కుక్కో సందర్భం చెప్పేస్తుంది, అందుకే మన పిల్లలకి అది అనవసరమైన నగలా కనిపిస్తుంది. బోర్డు మీద రెండో కుక్క కనపడిన రోజు ఆ మాటకి పని ఏంటో తెలిసింది. ఆ తప్పుని నేను దిద్దలేదు, బొమ్మ దిద్దింది.

అలా చూస్తే మన పిల్లల తప్పుల్లో చాలావాటికి కారణం తెలివి తక్కువ కావడం కాదు, తెలుగు లోపల కూర్చుని నడిపిస్తుంది. మొదట్లో ఆ పిల్ల అడిగిన "అంబ్రెల్లా ఈజ్ దేర్?" తీసుకోండి. తెలుగులో హ్యావ్ అనే క్రియ లేదు. నాకు ఇద్దరు అన్నలున్నారు, నా దగ్గర గొడుగు ఉంది, అన్నిటికీ ఉండడమే. పైగా క్రియ చివరికి రావాలి. గొడుగు ఉందా అనేదాన్ని అదే వరసలో పేర్చింది పిల్ల. ప్రశ్న వేయడమూ అంతే, తెలుగులో క్రియ చివర ఒక దీర్ఘం తీస్తే ప్రశ్న అయిపోతుంది, వస్తావు, వస్తావా, ఇంగ్లీష్‌లో దాని కోసం డూ అనో డజ్ అనో ఆర్ అనో ఒక మాటని ముందుకి తెచ్చి నిలబెట్టాలి. అందుకే "యూ ఆర్ కమింగ్?" అని గొంతు పైకి లేపి ఊరుకుంటారు. ఇది తెలిసిన టీచర్ ఏ యాక్టివిటీ ఎంచుకోవాలో వెబ్‌సైట్లలో వెతకక్కర్లేదు. తెలుగు, ఇంగ్లీష్ ఎక్కడ విడిపోతాయో అక్కడే పని పెట్టుకోవాలి.

ఉదాహరణకి డూ యూ కోసం నేను వాడేది, ఫైండ్ సమ్‌వన్ హూ అంటారు. చిన్న చీటీ మీద ఐదు వాక్యాలు, తెల్లారగట్ల ఐదింటికి ముందే లేచేవాళ్ళు ఒకరు, గేదె పాలు పితకడం వచ్చినవాళ్ళు ఒకరు, ఇద్దరు అక్కలున్నవాళ్ళు ఒకరు, కాకరకాయ ఇష్టంగా తినేవాళ్ళు ఒకరు, ఇలా. పేర్లు పట్టుకు రావాలి. "డూ యూ లైక్ కాకరకాయ?" అని పదిహేను మందిని అడిగితే గానీ ఒక పేరు దొరకదు (కాకరకాయని కాకరకాయ అననివ్వండి, అడ్డుకోకండి, వాక్యం ముఖ్యం). నేను నిలబడి "డూ యూ లైక్" పదిహేనుసార్లు అనిపిస్తే ఐదోసారికి కిటికీలోంచి బయటికి చూస్తారు, ఇక్కడ పదిహేనోసారి కూడా జవాబు ఏమొస్తుందో తెలియదు కాబట్టి పదిహేనోసారి కూడా అడుగుతారు. బెంచీల మధ్య తిరగడానికి చోటు లేకపోతే వరండాలోకో చెట్టు కిందికో తీసుకెళ్తాను, వాన పడితే ఒక్కో వరసని లేపి మిగతా వరసల దగ్గరికి పంపిస్తాను.

ఉచ్చారణ విషయంలో కూడా ఇదే మాట. బయటి దేశాల పుస్తకాల్లోంచి షిప్-షీప్, పిన్-బిన్ జాబితాలు తెచ్చి మన పిల్లలతో పలికిస్తుంటారు. హ్రస్వ దీర్ఘాలు తెలుగు పిల్లలకి ఉగ్గుపాలతో వచ్చాయి, షిప్, షీప్ తేడా వాళ్ళకి ఒక పెద్ద సంగతి కాదు. పిన్-బిన్ అరబ్బీ మాట్లాడేవాళ్ళకి కష్టం, మనకి ప, బ వర్ణమాలలోనే వేరు. మనకి నలిగే చోట్లు వేరే ఉన్నాయి. జూకి, జూన్‌కి మొదటి అక్షరం ఒకటే అనుకుంటాం, ఇంగ్లీష్‌లో అవి రెండు వేరే ధ్వనులు. వెస్ట్ అంటే పడమరో బనీనో మన నోటినుంచి తేలదు. ఎగ్ అనబోయి యెగ్ అంటాం, చివర హల్లు ఆగకుండా బస్సు, బుక్కు, పెన్ను అని అచ్చు తగిలిస్తాం, అది మన భాష లక్షణం. నేను చేసేది ఏంటంటే ధ్వనిలో తేడా ఉన్న రెండు మాటల కార్డులు పిల్లలకిచ్చి, నేను ఒకటి పలుకుతాను, వాళ్ళు సరైనది ఎత్తాలి. అది కుదిరాక పిల్లాడు పలుకుతాడు, క్లాసు ఎత్తుతుంది. సగం క్లాసు ఒకటి, సగం క్లాసు ఇంకోటి ఎత్తితే వాడికి తన నోరు ఎక్కడ తేలిపోయిందో తెలుస్తుంది.

రన్నింగ్ డిక్టేషన్ చాలామందికి తెలిసే ఉంటుంది, వరండా స్తంభానికి ఐదారు వాక్యాల కాగితం అంటిస్తాం, జంటలో ఒకరు పరిగెత్తి వెళ్ళి చదివి గుర్తుపెట్టుకుని వచ్చి చెప్పాలి, రెండోవాళ్ళు రాయాలి, సగంలో మారాలి. మొదటి రోజు ఒక్కో మాట మోసుకొస్తారు, "దీ" అని వచ్చి మళ్ళీ పరుగు, "ఓల్డ్" అని వచ్చి మళ్ళీ పరుగు. నాలుగైదు సార్లు చేసేసరికి "ది ఓల్డ్ మ్యాన్ వజ్ సిట్టింగ్" అని ఒక దండలా పట్టుకొస్తారు, మాటల గుత్తుల్ని గుర్తుపెట్టుకోవడం అలవాటు అవుతుంది, అది దీని గొప్ప. లోటు కూడా ఉంది, అర్థం కాకపోయినా శబ్దాన్ని మోసుకు రావచ్చు. అందుకని చివర ఒక ప్రశ్న పెట్టాలి, ఆ ముసలాయన ఎందుకు నవ్వాడు లాంటిది, లేదంటే అది పరుగు పందెం దగ్గరే ఆగిపోతుంది.

రోల్ ప్లే సంగతీ ఇదే. పుస్తకంలో షాపువాడి డైలాగులు, కొనేవాడి డైలాగులు బట్టీపట్టి చెప్పడం నాటకం అవుతుంది గానీ బేరం కాదు. షాపువాడి కార్డులో ధరలు రాయండి, కొనేవాడి కార్డులో కొనాల్సిన సరుకులు, చేతిలో వంద రూపాయలు అని రాయండి, ఒకరి కార్డు ఒకరికి చూపించొద్దు. రెండు టొమాటోలు తగ్గించాలా సబ్బు మానేయాలా అన్న దగ్గర వాళ్ళు నిజంగా మాట్లాడుకోవడం మొదలుపెడతారు. గ్రూపుల్లో ఒక్కళ్ళే చేసి మిగతావాళ్ళు చూస్తుంటారు అనే గోడు ఉన్నవాళ్ళకి జిగ్సా పద్ధతి ఉంది. 1971లో అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం ఆస్టిన్‌లో, నల్లవాళ్ళ పిల్లలు, తెల్లవాళ్ళ పిల్లలు, మెక్సికన్ పిల్లలు మొదటిసారి ఒకే గదిలో కూర్చుని ఒకళ్ళనొకళ్ళు చూసి మొహాలు తిప్పుకుంటున్న రోజుల్లో ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వవేత్త మొదలుపెట్టిన పద్ధతి. పాఠాన్ని నాలుగు ముక్కలు చేసి నలుగురికి తలో ముక్క ఇస్తారు, నలుగురూ చెప్తే గానీ పాఠం పూర్తి కాదు, కాబట్టి ఎవరినీ పక్కన పెట్టలేరు. అంతా రాదులే అని వదిలేసే పిల్ల చేతిలో కూడా ఒక ముక్క ఉంటుంది, మిగతా ముగ్గురూ తను చెప్పేదాక ఆగాలి.

తెలుగు వాడనివ్వాలా వద్దా అన్నదాని మీద నా అభిప్రాయం సూటిగానే చెప్తాను. తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే బడులు ఉన్నాయి, అది పిల్లల నోళ్ళు కుట్టేయడమే. బస్సు లెక్క ఆలోచించేటప్పుడు తెలుగులో గొడవపడనివ్వండి, చివరికి చెప్పే జవాబు, కారణం ఇంగ్లీష్‌లో ఉండాలి. ఆలోచన తెలుగులో గట్టిపడితే ఇంగ్లీష్‌లో చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది, లేకపోతే ఏ భాషలోనూ ఉండదు. ఆంధ్రలో 2020 తర్వాత, తెలంగాణలో 2022 తర్వాత సర్కారు బడి పుస్తకాల్లో ఒక పక్క తెలుగు, ఎదురుగా ఇంగ్లీష్ పేజీలు వచ్చాయి కదా, అవి చాలా మంచి వనరు. జంటలో ఒకరికి తెలుగు పేజీ, ఒకరికి ఇంగ్లీష్ పేజీ మాత్రమే కనపడేలా మధ్యలో అట్ట నిలబెట్టండి. తెలుగు చదివినవాళ్ళకి విషయం తెలుసు, ఇంగ్లీష్ పేజీ ఉన్నవాళ్ళకి మాటలు తెలుసు. నేను ప్రశ్న బోర్డు మీద రాస్తాను, జవాబు రాయాలంటే ఇద్దరూ కలవాలి. కిరణజన్య సంయోగక్రియ అని తెలిసిన పిల్లకి, ఫోటోసింథసిస్ అనే మాట కనపడుతున్న పిల్ల కావాలి.

ఈ విషయాల మీద పనిచేయడానికి 1958లోనే హైదరాబాద్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పెట్టారు, ఇప్పుడది ఇంగ్లీష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం, ఇఫ్లూ అంటున్నాం. అయినా పల్లె బడిలో ఇంగ్లీష్ పరాయి భాషగానే ఉండిపోయింది. బోర్డుల మీద, సబ్బు కాగితాల మీద, ఫోన్లలో అంతటా ఇంగ్లీషే, కానీ ఊళ్ళో ఎవరూ ఎవరితోనూ ఇంగ్లీష్‌లో మాట్లాడరు. పిల్లకి ఇంగ్లీష్ మాట్లాడే అవసరం పడే చోటు భూమ్మీద ఏదైనా ఉంటే అది నా నలభై అయిదు నిమిషాల పీరియడే. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో నోరు విప్పక్కర్లేదు, రాస్తే చాలు, అందుకని పై తరగతికి వెళ్ళేకొద్దీ ఆ పీరియడ్ కూడా క్వశ్చన్ ఆన్సర్లకి పోతుంది. నేను తొమ్మిదీ పది తరగతులకి వారంలో ఒక్క పీరియడ్ మాత్రమే ఇలా కేటాయించగలుగుతున్నాను, ఆరూ ఏడూ తరగతులకి మూడు.

అన్నిటికంటే నాకు భయం వేసేది నవ్వు. ఒక పిల్ల తప్పు మాట్లాడితే వెనకనుంచి ఒక కిసుక్కున నవ్వు వినిపించిందంటే ఆ పిల్ల మళ్ళీ నెల దాకా నోరు తెరవదు, ఇంట్లో చదువుకున్నవాళ్ళు ఎవరూ లేని పిల్లలైతే ఇంకా లోపలికి ముడుచుకుపోతారు. అందుకే జంటల్లో చేయిస్తాను, తప్పు వినేది ఒక్కరే, నలభై మంది కాదు. వాళ్ళు మాట్లాడుకుంటున్నప్పుడు మధ్యలో దూరి దిద్దను, ఒక చిన్న నోట్‌బుక్ పట్టుకుని బెంచీల మధ్య తిరుగుతూ విన్న తప్పులు రాసుకుంటాను. చివరి ఐదు నిమిషాల్లో అందులోంచి నాలుగు, అందరూ చేసేవి, ఎవరి పేరూ లేకుండా బోర్డు మీద రాస్తాను, వాళ్ళే దిద్దుతారు. గొడుగు బొమ్మ రోజు రాసినవాటిలో మొదటిది "యువర్ పిక్చర్ అంబ్రెల్లా ఈజ్ దేర్?". "ఈజ్ దేర్ ఆన్ అంబ్రెల్లా ఇన్ యువర్ పిక్చర్?" అని సరిచేసింది మూడో బెంచీ పిల్లే, అది తన వాక్యమని తనకీ, పక్కపిల్లకీ, నాకూ తప్ప ఇంకెవరికీ తెలియదు.

బొమ్మలు ఎలా చేసుకోవాలి అని తోటి టీచర్లు అడుగుతుంటారు కాబట్టి అదీ చెప్తాను. తెల్లకాగితం మీద పెన్నుతో ఒక బస్టాండో, సంతో, వంటగదో గీయండి, బాగా గీయడం రాకపోయినా ఏం కాదు, మనిషిది మనిషిలా, మేకది మేకలా తెలిస్తే చాలు. ఒక జిరాక్స్ తీయించి దాని మీద వైట్‌నర్‌తో ఎనిమిది చోట్ల చెరిపి వేరేవి గీయండి. ఇప్పుడు రెండిటికీ ఇరవై రెండేసి కాపీలు. తరగతికి వంద రూపాయలో, కాస్త అటూ ఇటూనో అవుతుంది. మొదటి బొమ్మ కాపీల వెనక ఎ అని, రెండోదాని కాపీల వెనక బి అని రాయండి, లేకపోతే పంచేటప్పుడు ఒకే బెంచీకి రెండూ ఒకటే వెళ్ళిపోతాయి, అప్పుడు ఎంత అడిగినా తేడా దొరకదు. గంట కొట్టాక లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి, ప్లాస్టిక్ కవర్లో పెడితే మూడు నాలుగేళ్ళు వస్తాయి. నా దగ్గర ఉన్న బస్టాండ్ బొమ్మల్లో రెండు కాపీల్లో ఎవరో పిల్లలు కుక్కకి పెన్సిల్‌తో మచ్చలు పెట్టారు, వాటిని తీసేయలేదు, అవి పడిన బెంచీకి తొమ్మిదో తేడా దొరుకుతుంది.